పిల్లలకోడి ఫొటో

నా చిన్నప్పుడు మా ఇండ్లలో ఆడపిల్ల చేతికి పట్టుపోగు ఇచ్చే ముందు మిద్దె మీదికి తీసుకుపోయి ఆకాశం చూపించేవాళ్ళు. చలికాలంలో దీపాలు పెట్టిన కాసేపటికి నడినెత్తికి దగ్గరగా ఒక చుక్కల గుంపు వస్తుంది. తల్లి చుట్టూ పిల్లలు ముడుచుకుని చేరినట్టు ఉంటుంది కాబట్టి దాన్ని పిల్లలకోడి అంటాం. అందులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమనేవాళ్ళు. ఏడు అన్న పిల్లకు కళ్ళు బాగున్నట్టు. ఆరు అన్నా ఫరవాలేదు. తెల్లగా ఏదో మరక ఉందన్న పిల్లను కండెలకు పోగు చుట్టడానికి కూర్చోబెట్టేవాళ్ళు గానీ అతుకు దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు.

అతుకు అంటే ఏమిటో చెప్పాలి. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయి కొత్తది ఎక్కించేటప్పుడు, పాత పోగు చివరకు కొత్త పోగు చివర చేర్చి, వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని, మెలిపెట్టి కలపాలి. వేల పోగులు, ఒక్కొక్కటీ అట్లాగే. అతికిన చోటు కనపడకూడదు, ఊడిపోనూ కూడదు. ధర్మవరానికి దగ్గర్లో ఉన్న మా పల్లెలో ఆ పనికి మా జేజిని మించినవాళ్ళు లేరు. జేజి అంటే మా నాయన తల్లి. ఎవరింట్లో కొత్త పడుగు ఎక్కుతున్నా ముందు జేజికి కబురు వచ్చేది. ఆమె గడప దాటి లోపలికి వస్తుంటే మగ్గం గుంటలో కూర్చున్న మగవాళ్ళు కూడా సర్దుకుని కూర్చునేవాళ్ళు.

నాకు ఊహ తెలిసేసరికి ఆ జేజి కళ్ళలో పొర పెరుగుతోంది. ఆమె ఎవరికీ చెప్పలేదు. అతికిన పోగులు ఊడిపోవడం మొదలుపెడితే మాకే తెలిసింది. నాయన మగ్గం ఆపి పళ్ళు నూరేవాడు, కానీ తల్లిని ఏమనగలడు. మధ్యాహ్నం జేజి కాస్త నడుం వాల్చగానే అమ్మ పడుగు ముందు కూర్చుని వదులుగా ఉన్న అతుకులన్నీ మళ్ళీ వేసేది. ఊడిన కొసలు వెతికి ఇచ్చేది నేను. నోరు మెదపవద్దని అమ్మ కళ్ళతోనే చెప్పేది.

ఆసుపత్రికి పోదామని ఎవరన్నా అంటే జేజి దగ్గర ఒకటే జవాబు. "నా కండ్లకేమొచ్చిందిరా? పిల్లలకోడికి ఏడు పిల్లలూ కనపడతాండాయి." అనడమే కాదు, నా భుజం పట్టుకుని మెట్లెక్కి మిద్దె మీదికి వచ్చి, తలెత్తి, వేలు చూపించి మరీ లెక్కపెట్టేది. లెక్క ఎప్పుడూ ఏడే. వేలు మాత్రం ఒక్కోసారి చుక్కలే లేని దిక్కుకు ఉండేది. ఏడని ఊరందరికీ తెలిసిందే, దానికి కళ్ళెందుకు. ఆ మాట ఆమె ముఖం మీద అనే ధైర్యం మాలో ఎవరికీ లేదు. కంటి మీద కత్తి పెడతారన్న భయం ఆమెకు ఉండేది నిజమే. దానికంటే పెద్ద భయం ఇంకొకటి ఉండేది. చూపు పోయిందని బయటపడితే ఇక ఏ ఇంటివాళ్ళూ పడుగు దగ్గరికి పిలవరు. ఇట్లాగే వదిలేస్తే పూర్తిగా చీకటవుతుందని మా బెంగ.

మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, గుంతకల్లులో రైల్వే ఫిట్టరు. సెలవు దొరికితే అందరూ పెళ్ళిళ్ళకూ తిరునాళ్ళకూ పోతే ఆయన మా మిద్దె ఎక్కేవాడు. ఆకాశం పిచ్చి. బెంగళూరులో పాతసామాన్ల అంగట్లో ఒక దుర్బిణి కొనుక్కొచ్చాడు. సైకిలు ఇరుసుతోనూ పాత ఇనుముతోనూ దానికి తానే ఒక స్టాండు చేసుకున్నాడు. "వాన పడని సీమ మనది. ఆకాశమన్నా తేటగా ఇచ్చినాడు దేవుడు. దాన్నన్నా వాడుకోవల్ల గదా," అనేవాడు. నాయన నవ్వేవాడు కాదు. "వాన మోడాలు యాడొచ్చినాయా అని ఊరంతా పైకి చూస్తాంటే, మోడాలు పోతే బాగుండునని చూసేది నా తమ్ముడొక్కడే," అనేవాడు.

చిన్నాయనకు పిల్లలకోడిని ఫొటో తీయాలని కోరిక. ముందు ఏడాది ఒకసారి తీశాడు కూడా. అది రెండు విధాలుగా చెడిపోయింది. చుక్కలు ఒకచోట నిలబడవు కదా, నేసిన గుడ్డ మగ్గం ముందున్న దోనె కర్రకు చుట్టుకుంటూ పోయినట్టు ఆకాశం పడమటికి జరుగుతూ ఉంటుంది. కెమెరా కూడా వాటితో పాటు జరగాలి. ఆ స్టాండుకు ఉన్న మరను చేత్తో మెల్లగా తిప్పుతూ పోతే జరుగుతుంది. ఒక్కడే అన్నీ చూసుకోబోతే మధ్యలో చేయి తప్పింది. తప్పింది ఎవరికి తెలుస్తుందిలే అని అట్లాగే తిప్పేశాడట. ఆ ఫొటోల్లో ప్రతి పిల్లకూ తోక మొలిచింది. రీలు మొత్తంలో ఒకే ఒక ఫొటో బాగా వచ్చింది. దాన్ని ధర్మవరం స్టూడియో ఆయన పాడుచేశాడు. రీలు కడిగి చూస్తే పెళ్ళికూతురు లేదు, పెళ్ళికొడుకు లేదు, అక్కడక్కడా చుక్కలు. దుమ్ము పడిందనుకుని మెత్తటి గుడ్డతో తుడిచాడు. పోలేదు. ఎక్కడ ఒక బొమ్మ అయిపోయి ఇంకొకటి మొదలవుతుందో తెలియక కత్తెర సరిగ్గా కోడి మధ్యలో పెట్టాడు. "ఎంత తుడిచినా పోలేదన్నా, తప్పు మాదే," అని పాపం ఆయనే బాధపడ్డాడట.

ఇదంతా చిన్నాయన మా అందరి ముందూ కూర్చుని, తోకలున్న ఫొటోలు చేతికిచ్చి, నవ్వుతూ చెప్పాడు. ఒక పెద్దమనిషి తన చేయి తప్పిందని అట్లా నవ్వుతూ చెప్పడం నేను అదే మొదటిసారి వినడం. మా ఇంట్లో పోగు తెగితే చెప్పేవాళ్ళం కాదు, ఎవరూ చూడకముందే ముడి వేసేసేవాళ్ళం.

ఆ ఏడాది చలికాలంలో ఆయన మళ్ళీ వచ్చాడు. సంచిలో రెండు రీళ్ళు తెచ్చుకున్నాడు. ఒకటి నూరు నంబరుది, ఒకటి నాలుగునూర్లది. రెండూ నా ముందు పెట్టి, తేడా మా పనిలోంచే చెప్పాడు. నూరుది సన్నని పట్టులాంటిది, బొమ్మ నున్నగా వస్తుంది, కానీ వెలుతురును రంగులాగా పీల్చుకోవడానికి చాలా సేపు పడుతుంది. నాలుగునూర్లది ముతక నూలులాంటిది, తొందరగా పీల్చుకుంటుంది, కానీ బొమ్మ మీద ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంటుంది. ఏది వాడతావని నేను అడిగాను. ఆయన నా చేయి పట్టుకుని మణికట్టు చూశాడు. "మర తిప్పేది నువ్వే పాపా. నీ చేయి నొప్పిపట్టేలోపల పని అయిపోవల్ల. ముతకదే పెడదాం," అన్నాడు. అంత ఆశపడి తీసే ఫొటోకు మంచి రీలు పక్కన పెట్టేసి, నా చేతికి సరిపోయే రీలు ఎంచుకున్నాడు. మూడో తరగతితో బడి మానేసి మగ్గం దగ్గర కూర్చున్న పిల్లను నేను. నా చేతిని చూసి ఎవరన్నా ఏదన్నా నిర్ణయించడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

తరువాత ఒక సన్నటి పోగు కావాలన్నాడు. దుర్బిణిలో కన్ను పెట్టే గొట్టం లోపల రెండు పోగులు అడ్డంగా నిలువుగా అంటించాలట, కూడలిలాగా. చుక్కను ఆ కూడలిలో నిలిపి ఉంచితే కెమెరా దారి తప్పదు. వెంట్రుక పెట్టి చూశాడు, మోకులాగా కనపడిందట. జేజి పచ్చిపట్టు కొస ఒకటి తెమ్మని, వేళ్ళకు బూడిద అద్దుకుని, ఎటో చూస్తూ దాన్ని విప్పుకుంటూ పోయింది. పోగులోంచి పోగు, అందులోంచి ఇంకొకటి. చివరకు ఆమె వేళ్ళ మధ్య ఏదో ఉందని నమ్మాలే గానీ నాకు కనపడలేదు. "ఇదిగో, తీసుకో," అంది. ఆ పనికి ఆమెకు కళ్ళు అవసరం లేదు. తుమ్మబంకతో చిన్నాయన దాన్ని అంటించాడు.

ఆ మధ్యాహ్నం ఇంకొక పని చేశాడు. స్టూడియో ఆయనకు కత్తెర ఎక్కడ పెట్టాలో తెలియాలంటే రీలు మొదట్లో ఒక మామూలు ఫొటో ఉండాలన్నాడు. జేజిని పడుగు ముందు కూర్చోబెట్టి, రోజూ చేసే పనే చేయమని, కిటికీ వెలుతురులో ఒకటి తీశాడు. "నన్నెందుకురా, చుక్కలు తీసే రీలులో?" అంది జేజి. "కొలతకమ్మా," అన్నాడాయన.

పొద్దు వాలాక మిద్దె మీదికి ఎక్కాం. జేజి కూడా కంబళి కప్పుకుని వచ్చి చాప మీద కూర్చుంది, నాకు పిల్లలకోడిని తానే చూపిస్తానని. ధ్రువచుక్క మా పక్క చాలా కిందుగా, పిట్టగోడకు కాస్త పైన ఉంటుంది. ఆకాశం తిరిగేది దాని చుట్టే కాబట్టి స్టాండు ఇరుసును దాని వైపుకు తిప్పి కింద రాళ్ళు పెట్టాడు చిన్నాయన. దుర్బిణి వీపున కెమెరాను గట్టిగా కట్టాడు, బిడ్డను కట్టుకున్నట్టు. నన్ను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి కన్ను పెట్టమన్నాడు. అందులో పెద్ద పిల్ల ఒకటి తెల్లగా ఉంది. దాన్ని కావాలనే కొంచెం మసక చేశాడు. అప్పుడది గుండ్రంగా చిన్న రొట్టెలా అయింది, జేజి తీసిన పోగులు దాన్ని నాలుగు ముక్కలు చేశాయి.

నాలుగు ముక్కలూ సమంగా ఉండాలి. ఒకటి పెద్దదవుతుంటే మరను వెంట్రుకవాసి తిప్పాలి. గబుక్కున తిప్పితే రొట్టె అవతలికి దూకుతుంది. ఇదంతా నేర్పి చివరకు ఒక మాట చెప్పాడు. "రొట్టె పోగు మీంచి పోతే, కనపడకుండా పోతే, ఆ గడియలోనే చెప్పల్ల. నేను నీ పలక కెమెరాకు అడ్డం పెడతా. అప్పుడు నువ్వు ఎంత నిదానంగా సరిచేసుకున్నా నష్టం లేదు. సరయినాక చెప్తే పలక తీస్తా. చెప్పకుండా దాచినావనుకో, అది ఫొటోలో పడిపోతాది, ఇంగ దాన్ని ఎవురూ తీయలేరు." పలక నా బడి పలకే. ఊరికే మూలన పడి ఉండింది.

అగరబత్తి ముట్టించి, దాని వెలుగు కెమెరాకు తగలకుండా పిట్టగోడ అవతలి పక్క పగులులో గుచ్చాడు. సగం కాలేదాకా తీయాలన్నది ఆయన లెక్క. కెమెరా తెరిచాడు. నేను ఊపిరి కూడా చూసుకుని వదులుతూ మర తిప్పసాగాను. కండె చుట్టే చేతికి ఆ నిదానం అలవాటే. ఊళ్ళో మగ్గాల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోతోంది. అట్లా చాలా సేపు బాగానే సాగింది.

అప్పుడు మా నాయన అన్నానికి పిలవడానికి మెట్లెక్కి వచ్చాడు. ఆయన అడుగు బరువైనది. మిద్దె అదిరింది. "ఏమప్పా, కోడి గుడ్డు పెట్టెనా?" అంటున్నాడు. నా రొట్టె ఎగిరి ఎక్కడికో పోయింది. కంటి ముందు నల్లగా ఏమీ లేదు. నాయన నా వెనకే నిలబడ్డాడు. పోగు తెగితే ఆ చేతుల్తో నా వీపు మీద పడిన దెబ్బలు నాకు గుర్తున్నాయి. మర తిప్పుతూనే ఉంటే ఎవరికీ తెలియదు.

"చిన్నాయనా, నాకు కనపల్లేదు," అన్నాను.

చప్పున పలక అడ్డం పడింది. "బాగ చెప్పినావు పాపా," అన్నాడాయన. అంతే. గొంతులో విసుగు లేదు, తొందర లేదు. "నిదానంగా వెతుక్కో. నాకేం పని ఉండాది." నాయన ఏదో అనబోతే చిన్నాయనే ఆపాడు. "తప్పింది నీ అడుగుతో అన్నా, పాప చేతితో కాదు. కూచో ఊరికే." నాయన నిజంగానే కూర్చున్నాడు, జేజి పక్కన చాప మీద. నేను రొట్టెను వెతికి మళ్ళీ పోగుల మధ్యకు తెచ్చి, నాలుగు ముక్కలూ సమమయ్యాక చెప్పాను. పలక తీశాడు. అగరబత్తి సగానికి వచ్చేదాకా మళ్ళీ ఎవరూ కదలలేదు. దిగేటప్పుడు జేజి నా భుజం మీద వేసిన చేయి ఎప్పటికంటే గట్టిగా ఉంది. ఆ రోజు ఆమె పిల్లల్ని లెక్కపెట్టనే లేదని పడుకున్నాక నాకు గుర్తొచ్చింది.

స్టూడియోకు చిన్నాయనే పోయి, "మొదటి బొమ్మ మా అమ్మది, ఆడి నుంచి కొలుచుకుని కత్తెర పెట్టు, తక్కినవాటిలో దుమ్ము కనపడితే నీకు దండం పెడతా తుడవద్దు," అని చెప్పి వచ్చాడు. మళ్ళీ సెలవుకు వచ్చినప్పుడు రెండు పెద్ద ఫొటోలు తెచ్చాడు. ఒకటి జేజిది. ఇంకొకటి పిల్లలకోడి. పగటి వెలుతురులో వాకిట్లో పరిచి చూశాం. ఏడు కాదు. ఏడు పెద్దవి మెరుస్తుంటే వాటి సందుల్లో, వెనకాల, పక్కన, కొర్రలు చల్లినట్టు ఇంకా ఎన్నో. ఒక్కదానికీ తోక లేదు.

చిన్నాయన ఆ ఫొటో తీసుకుపోయి జేజి ఒళ్ళో పెట్టాడు. ఎందుకు ఇంత కష్టపడ్డాడో నాకు అప్పుడు అర్థమైంది. ఏడని ఊరందరికీ తెలుసు. ఈ ఫొటోలో ఎన్నో ఎవరికీ తెలియదు. చూసి చెప్పాల్సిందే తప్ప గుర్తుండి చెప్పడానికి లేదు. "ఎన్ని ఉండాయమ్మా?" అన్నాడు మెల్లగా.

జేజి ఫొటోను కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. దూరం పెట్టింది. వేళ్ళతో తడిమింది. నాయన, అమ్మ, నేను ఆమె ముఖమే చూస్తున్నాం. ఏడు అంటుందనుకున్నాను. అంటే మేమంతా అవునని తల ఊపి ఉండేవాళ్ళం, అంతటితో అయిపోయేది. జేజి ఫొటో ఒళ్ళోకి దించి నా వైపు తిరిగింది, చిన్నాయన వైపు కాదు.

"నాకు కనపల్లేదు పాపా," అంది.

చిన్నాయన ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, ఆ రోజు మిద్దె మీద నాతో అన్న గొంతుతోనే అన్నాడు. "బాగ చెప్పినావమ్మా. పలక అడ్డం పెడదాం. నిదానంగా సరిచేసుకుందాం. మళ్ళా తీద్దాం." అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నాయన మాత్రం, "ఆ అతుకులు ఊడేది నాకు తెలుసు లేమ్మా. నా మగ్గం యాడికీ పోదు," అన్నాడు. ఆయన నోట అంత మెత్తటి మాట నేను ఎక్కువసార్లు వినలేదు.

అనంతపురంలో ఆపరేషను చేశారు. కంటికి గుడ్డ కట్టి ఉన్నన్ని రోజులూ జేజి దాన్ని పలక అనే పిలిచింది. "పలక ఎప్పుడు తీస్తారంట?" అని డాక్టరును కూడా అడిగిందట, ఆయనకేం అర్థమవుతుంది. గాజుసీసా అడుగంత మందం అద్దాలతో ఇంటికి వచ్చి ముందు ఆ ఫొటోనే అడిగింది. లెక్కపెట్టింది, మధ్యలో తప్పింది, మళ్ళీ మొదలుపెట్టింది. "ఇన్ని పిల్లల్ని ఏ కోడి సాకుతుందిరా?" అని వదిలేసింది. తరువాత రెండో ఫొటో తీసి, "ఈ ముసల్దెవురు?" అంది. తానేనని చెబితే ఎగాదిగా చూసుకుంది. అందులో ఆమె వేళ్ళు ఒకచోట మెలిపెడుతున్నాయి, పోగు కొస ఇంకొకచోట వేలాడుతోంది. మేమంతా ఆ ఫొటోను ఆమెకు చూపించకుండా దాయాలనుకున్నాం. ఆమె నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "గాలిని అతుకుతాంటినే, ఒక్కరన్నా చెప్పకపోతిరే," అంది. ఊళ్ళోవాళ్ళు మళ్ళీ పడుగులకు పిలిచారు. అద్దాలతో మునుపటంత వేగం లేకపోయింది గానీ, సరిగ్గా పడని అతుకు ఉంటే ఆమే పిలిచి చూపించేది.

ఇప్పుడు జేజి లేదు, చిన్నాయన లేడు. ఆ రీళ్ళు కూడా లేవు. మా మనవరాలు చిన్న సెల్‌ఫోనును గోడకు ఆనించి చుక్కల్ని ఫొటో తీస్తుంది, మర తిప్పే పనే లేదు. ఆ రెండు ఫొటోలూ మా ఇంట్లో పక్కపక్కనే ఉన్నాయి, కొలతకు తీసింది, కోరి తీసింది. నా పిల్లలు చిన్నప్పుడు గిన్నె పగలగొట్టినా, పాలు పొంగబెట్టినా వచ్చి చెప్పేవాళ్ళు. చెప్పిన పిల్ల మీద నేను ఎప్పుడూ చేయెత్తలేదు. మొన్న చలికాలం మిద్దె మీద మనవరాలు నా చేయి పట్టుకుని, "అవ్వా, ఎన్ని కనపడతాండాయి?" అని అడిగింది. నోటి చివరకు ఏడు వచ్చింది. తలెత్తి నిదానంగా చూశాను.

"ఐదే కనపడతాండాయి పాపా. పోయినేడు ఆరుండె," అన్నాను.

అది ఫోను పక్కన పెట్టి నా భుజం మీద చేయి వేసింది. "బాగ చెప్పినావవ్వా," అంది.